కోటి విద్యలు కూటి కొరకే అంటారు, మరి కళాకారుడికి ఆ కూడు ఎక్కడ ఆగిపోతోంది

ఏ ఆర్టిస్టు గురించి మాట్లాడినా జనం చివరికి ఒకే మాట దగ్గరికి వస్తారు, టాలెంట్ ఉంది పాపం, డబ్బులే రావు అని. దానికి కారణాలు కూడా రెడీగా ఉంటాయి, ఒకటి జనానికి కళ అక్కర్లేదు, రెండోది కళాకారులకి డబ్బు లెక్కలు రావు. మొదటిది అసలు నిలబడదు. పొద్దున లేచిన దగ్గర్నుంచి చెవిలో పాటలు, ఫోన్‌లో వీడియోలు, రాత్రి సిరీస్‌లు, చదివేవాళ్లకి కథలు, ఆడేవాళ్లకి గేమ్స్, ఇంత వాడకం ముందెప్పుడూ లేదు. ఒక్క స్పాటిఫైయే 2024లో మ్యూజిక్ హక్కులున్నవాళ్లకి 10 బిలియన్ డాలర్లు కట్టానని చెప్పుకుంది. డబ్బు ఉంది, బాగానే తిరుగుతోంది. అదే టైమ్‌లో బ్రిటన్ రచయితల మీద చేసిన సర్వేలు చూస్తే, పని టైమ్‌లో కనీసం సగం రాతకే పెట్టేవాళ్లకి రాత మీద వచ్చే మధ్యస్థ ఆదాయం 2006లో ఏడాదికి 12,330 పౌండ్లు, 2022 నాటికి 7,000 పౌండ్లు. మధ్యస్థం అంటే సగం మందికి అంతకన్నా తక్కువే వస్తోందని. ఇంతమందికీ ఒకేసారి లెక్కలు రాకుండా పోయాయంటే నమ్మడం కష్టం.

అసలు చిక్కు ఎక్కడుందంటే, ఒక బొమ్మకో పాటకో కథకో ఎంత విలువుందో తేలేది అది జనంలోకి వెళ్లాక, కానీ కళాకారుడు సంతకం పెట్టేది అంతకు చాలా ముందు. సంతకం పెట్టే రోజున ఆ పని ఆడుతుందో పోతుందో ఎవరికీ తెలీదు, కొనేవాడికీ తెలీదు, కాకపోతే కొనేవాడు ఒకేసారి వంద కొంటాడు, అందులో తొంభై పోయినా మిగతా పది లాగేస్తాయి. అమ్మేవాడి దగ్గర ఉన్నది ఒకటే, పైగా వచ్చే నెల అద్దె కట్టాలి. ధర వచ్చేదాకా పంట ఇంట్లో పెట్టుకోలేని రైతు కళ్లంలోనే అమ్మేసినట్టు, ఇతను కూడా గంపగుత్తగా ఇచ్చేస్తాడు. ఆ తర్వాత అది ఎంత పెరిగినా పెరిగినదంతా కొన్నవాడిదే, చట్టప్రకారం అందులో తప్పేమీ లేదు కూడా.

దీనికి సూపర్‌మ్యాన్ కంటే పెద్ద ఉదాహరణ దొరకదు. జెర్రీ సీగెల్, జో షుస్టర్ అనే ఇద్దరు కుర్రాళ్లు ఆ క్యారెక్టర్ హక్కులు 1938లో 130 డాలర్లకి రాసిచ్చేశారు. అప్పటికి ఆ బొమ్మని ఏళ్ల తరబడి ఎవరూ వేసుకోలేదు కాబట్టి ఆ రేటు వాళ్లకి అన్యాయం అనిపించి ఉండదు, పని దొరికిందన్న సంతోషమే ఉండుంటుంది. తర్వాత కోర్టుల చుట్టూ తిరిగారు, ఓడిపోయారు, ముసలితనం దగ్గర పడ్డాక 1975లో పేపర్లలో గోల అయితే కంపెనీ ఏడాదికి తలా 20,000 డాలర్ల పెన్షన్ ఇవ్వడానికి, వాళ్ల పేర్లు తిరిగి వేయడానికి ఒప్పుకుంది. ఇందులో అన్నిటికన్నా మంట పుట్టించే సంగతి ఇంకొకటి, ఆ 130 డాలర్లు ఇచ్చిన చెక్కు కాగితం 2012లో వేలానికి వస్తే 1,60,000 డాలర్లు పలికింది. హక్కులు రాసిచ్చినందుకు సృష్టించినవాళ్లకి ముట్టిన దానికన్నా ఆ ముట్టినట్టున్న కాగితానికే ఎక్కువ ధర!

చిత్రకారులది ఇంకా విచిత్రమైన పరిస్థితి, ఎందుకంటే వాళ్లు అమ్మేది వస్తువు. పుస్తకం అయితే ప్రతి కాపీ మీదా ఎంతో కొంత రాయల్టీ రావచ్చు, కాన్వాస్ ఒకసారి చేతులు మారితే అయిపోయింది. రాబర్ట్ రాషెన్‌బర్గ్ అనే అమెరికన్ ఆర్టిస్టు బొమ్మ ఒకటి 1958లో 900 డాలర్లకి కొన్న కలెక్టర్, 1973లో వేలంలో పెడితే 85,000 డాలర్లు వచ్చాయి, గీసినవాడికి సున్నా. ఆయన ఆ వేలానికి వెళ్లి మరీ ఆ కలెక్టర్‌తో గొడవపడ్డాడు, నువ్వు లాభాలు చేసుకోవడానికా నేను ఇంత కష్టపడింది అన్న అర్థంలో. ఫ్రాన్స్ మాత్రం 1920లోనే దీనికో దారి చూసింది, బొమ్మ వేలంలో మళ్లీ అమ్ముడైన ప్రతిసారీ గీసినవాడికి చిన్న వాటా. యూరోపియన్ యూనియన్ 2001లో దీన్ని అన్ని సభ్యదేశాలకీ రూల్ చేసింది, తక్కువ ధర అమ్మకాల మీద 4 శాతం, ధర పెరిగేకొద్దీ శాతం తగ్గుతూ, ఎంత పెద్ద అమ్మకం అయినా 12,500 యూరోలు దాటకుండా. అమెరికాలో కాలిఫోర్నియా 1976లో ఇలాంటి చట్టమే తెచ్చింది గానీ 2018లో ఫెడరల్ కోర్టు దాన్ని దాదాపు పూర్తిగా కొట్టేసింది. మధ్యలో ఎన్ఎఫ్‌టీలు, అంటే డిజిటల్ బొమ్మ ఎవరి సొంతమో ఆన్‌లైన్ రికార్డులో రాసి అమ్మే టోకెన్లు, వచ్చి ప్రతి రీసేల్ మీదా ఆర్టిస్టుకి ఆటోమేటిక్‌గా వాటా వస్తుందని ఊదరగొట్టాయి, పోటీ పెరిగేసరికి 2023లో పెద్ద మార్కెట్ ఓపెన్‌సీయే ఆ వాటాని ఇష్టమైతే ఇవ్వండి అన్నట్టు మార్చేసింది. మార్కెట్ దయ మీద ఆధారపడితే ఇంతే.

ఇవన్నీ పెద్ద పేర్ల కథలు. పేరు లేనివాళ్ల రోజువారీ లెక్క వేరే, అది దగ్గరగా చూస్తే గానీ అర్థం కాదు. ఒక ఇలస్ట్రేటర్‌కి ఒక కవర్ పేజీ పని వచ్చిందనుకోండి. ఆ బొమ్మకి ఇరవై గంటలు పడుతుందని లెక్కేసుకుని రేటు చెప్తారు. కానీ ఆ పని వచ్చే ముందు పంపిన శాంపిల్స్, రిప్లై రాని మెయిల్స్, ఫోన్లో బేరం, ఇవి ఏ బిల్లులోనూ ఎక్కవు. పని మొదలయ్యాక మూడు రఫ్ స్కెచ్‌లు అడుగుతారు, మొదటిది ఓకే అంటారు, రంగులేశాక పైఆఫీసర్‌కి నచ్చలేదు రెండోదే బాగుంది అంటారు, ఆ మొహం కొంచెం ఇటు తిప్పగలరా, చిన్న మార్పే కదండీ. గీసేవాళ్లకి మొహం తిప్పడం అంటే మెడ, భుజం, వెలుగు నీడ అన్నీ మళ్లీ వేయడం. ఫైల్ పంపాక బిల్లు పెడితే అకౌంట్స్‌కి పంపాం అంటారు, తర్వాత వెండర్ ఫారం నింపలేదు అంటారు, తర్వాత సంతకం పెట్టాల్సిన మనిషి లీవులో ఉన్నారు అంటారు. మూడో నెలలో డబ్బు పడే సమయానికి గట్టిగా అడిగితే మళ్లీ పని ఇవ్వరేమో అని నాలుగు రిమైండర్‌ల చివరా సారీ పెట్టి ఉంటారు. ఇరవై గంటల రేటు కాస్తా అన్నీ కలిపి చూసుకుంటే సగానికి సగం అవుతుంది, ఇంకా దాంట్లోంచే సాఫ్ట్‌వేర్ సబ్‌స్క్రిప్షన్, టాబ్లెట్ రిపేరు, చేతి మణికట్టు నొప్పికి డాక్టరు.

ఈ పేమెంట్ ఆలస్యం ఎంత మామూలు అయిపోయిందంటే న్యూయార్క్ సిటీ దీనికోసం ప్రత్యేకంగా చట్టమే చేయాల్సి వచ్చింది. 2017 నుంచి అక్కడ 800 డాలర్లు, ఆపైన ఫ్రీలాన్స్ పనికి రాతపూర్వక కాంట్రాక్ట్ ఉండి తీరాలి, అందులో డబ్బిచ్చే డేట్ రాయకపోతే పని పూర్తయిన 30 రోజుల్లో డబ్బు ఇవ్వాలి. చేసిన పనికి డబ్బు ఇవ్వాలి అని చెప్పడానికి చట్టం కావాల్సి రావడం, అంతకన్నా ఏం చెప్తాం.

మరి ఇంత తక్కువకి ఎందుకు ఒప్పుకుంటారు అంటే, పక్కన ఇంకో పదిమంది ఉచితంగా చేయడానికి నిలబడి ఉంటారు కాబట్టి. ఇష్టంతో చేసే పని అవడమే ఇక్కడ దెబ్బ, డబ్బు రాకపోయినా చేస్తారని అవతలివాళ్లకి తెలుసు. ఎక్స్‌పోజర్ వస్తుందండీ అన్న మాట పుట్టింది ఇక్కడే, పేరొస్తుంది, రేపు పెద్ద పనులొస్తాయి, ఇప్పటికి బడ్జెట్ లేదు. అది ప్రతిసారీ అబద్ధమేమీ కాదు, ఒక్కోసారి నిజంగానే వస్తాయి, ఆ ఒక్కోసారి కోసమే మిగతావాళ్లంతా లాటరీ టికెట్ కొంటున్నారు. ఇంకో నష్టం కూడా ఉంది, ఉచితంగా చేయగలిగేది ఇంట్లో ఎవరో ఒకరు పోషించేవాళ్లే, కాబట్టి వెనక ఆసరా లేనివాళ్లు ఎంత బాగా చేసినా మొదటి రెండు మూడేళ్లలోనే రాలిపోతారు, ఫీల్డ్‌లో చివరికి ఎవరి కథలు మిగులుతాయన్నది కూడా దీన్నిబట్టే తేలిపోతుంది.

షెర్విన్ రోజెన్ అనే ఆర్థికవేత్త 1981లో సూపర్‌స్టార్ల గురించి ఒక పేపర్ రాశాడు. రికార్డింగు, టీవీ లాంటివి వచ్చాక ఒకే మనిషి పాటని అదనపు ఖర్చు పెద్దగా లేకుండా కోట్లమందికి చేర్చొచ్చు, అప్పుడు వినేవాడు కొంచెం బాగున్నవాడితో ఎందుకు సరిపెట్టుకుంటాడు, అందరూ పైనున్న నలుగురి వైపే పోతారు. టాలెంట్‌లో తేడా ఇసుమంత ఉన్నా ఆదాయంలో తేడా కొండంత అవుతుంది. అందుకే టాప్‌లో ఉన్న ఒకరిద్దరి ఆస్తులు చూపించి చూశారా కష్టపడితే వస్తుంది అనడం వట్టి మోసం, వాళ్లకి అంత రావడానికీ మిగతావాళ్లకి రాకపోవడానికీ కారణం ఒక్కటే.

నాటకం, కచేరీ, డ్యాన్స్ లాంటి ఎదురుగా చేసి చూపించే కళలకి ఇంకో ఇబ్బంది ఉంది. విలియం బామోల్, విలియం బోవెన్ 1966లో దీన్ని లెక్కలతో చూపించారు. ఫ్యాక్టరీలో అదే మనిషి మెషిన్ సాయంతో ఏటేటా ఎక్కువ సరుకు తీస్తాడు, దాంతో జీతాలు పెరుగుతాయి. నలుగురు కలిసి వాయించే క్వార్టెట్‌కి మాత్రం బీథోవెన్ రోజుల్లోనూ నలుగురే కావాలి, ఇవాళా నలుగురే, నిడివి కూడా అంతే, స్పీడ్‌గా వాయించి ప్రొడక్టివిటీ పెంచలేరు కదా. కానీ బయట జీతాలు, అద్దెలు పెరుగుతుంటే వాళ్లకీ పెంచాలి, ఖర్చు పెరుగుతూ పోతుంది, టికెట్ రేటు అంత పెంచలేరు. ఆ మధ్యలో గ్యాప్‌ని గ్రాంటో, దాతలో పూడ్చాలి, ఎవరూ పూడ్చకపోతే ఆర్టిస్టే తన కడుపు మాడ్చుకుని పూడుస్తాడు. ఎక్కువ చోట్ల జరిగేది ఈ మూడోదే.

ఇక స్ట్రీమింగ్. వినేవాళ్లలో చాలామంది అనుకునేది తను కట్టిన సబ్‌స్క్రిప్షన్ తను వినే సింగర్‌కి వెళ్తుందని. వెళ్లదు. పెద్ద ప్లాట్‌ఫామ్‌లలో డబ్బంతా ఒకే కుండీలో పడుతుంది, సుమారు మూడింట రెండొంతులు హక్కులున్నవాళ్లకి పోతుంది, అది కూడా మొత్తం స్ట్రీమ్స్‌లో ఎవరి వాటా ఎంత అని చూసి పంచుతారు. అంటే నెలంతా ఒక చిన్న బ్యాండ్‌నే విన్నా, ఆ సబ్‌స్క్రిప్షన్‌లో చాలాభాగం ఎప్పుడూ వినని పెద్ద స్టార్ల ఖాతాలోకే పోతుంది. పైగా హక్కులున్నవాళ్లు అంటే చాలాసార్లు లేబుల్, అదే రికార్డింగు కంపెనీ, పాడినవాళ్లు కాదు, లేబుల్ ముందు ఇచ్చిన అడ్వాన్స్, రికార్డింగు ఖర్చు తీరేదాకా పాడినవాళ్ల వాటా కాగితం మీదే కనిపిస్తుంది. 2024 నుంచి స్పాటిఫై ఇంకో గీత గీసింది, గడిచిన 12 నెలల్లో 1,000 స్ట్రీమ్స్ దాటని పాటకి రికార్డింగ్ రాయల్టీ లెక్కే వేయరు. పైసల్లో వచ్చేదే కదా పోతే పోయింది అంటారు, కానీ ఆ పైసలన్నీ కలిపి ఎక్కడికి వెళ్తున్నాయంటే, గీత దాటినవాళ్లకి. సౌండ్‌క్లౌడ్ అనే ఇంకో మ్యూజిక్ ప్లాట్‌ఫామ్ 2021లో వినేవాడి డబ్బు వాడు విన్నవాళ్లకే పంచే పద్ధతి మొదలుపెట్టింది, అది సాధ్యమే అని తేలింది, పెద్దవాళ్లు మాత్రం అటు పూర్తిగా తిరగలేదు.

ఇదంతా చూస్తే ఒంటరిగా తెలివితేటలతో గట్టెక్కాలి అన్న సలహా ఎంత పేలవమో తెలుస్తుంది. మార్కెటింగ్ నేర్చుకో, బ్రాండ్ బిల్డ్ చేసుకో అంటారు, నేర్చుకోవచ్చు, తప్పేం లేదు, కానీ బేరంలో బలం పెరిగింది ఎప్పుడూ నలుగురు కలిసినప్పుడే. 1847లో పారిస్‌లో ఎర్నెస్ట్ బూర్జే అనే పాటల రచయిత ఒక కెఫేలో కూర్చుని ఉంటే అక్కడ ఆయన పాటే వాయిస్తున్నారు, ఆయనకి దమ్మిడీ ఇవ్వకుండా. బిల్లు తెస్తే కట్టను పొమ్మన్నాడు, మీరు నా పాటకి కట్టండి నేను మీ డ్రింకుకి కడతా అని. గొడవ కోర్టుకెక్కింది, బూర్జే గెలిచాడు. కానీ గెలిచాక తెలిసొచ్చింది ఏంటంటే దేశంలో ప్రతి కెఫేకీ వెళ్లి ఒక్కడే తగువు పెట్టుకోలేడు. అందుకని 1851లో పాటల వాళ్లంతా కలిసి సాసెమ్ అనే సంఘం పెట్టుకున్నారు, వాయించిన ప్రతి చోటా వసూలు చేసి పంచడానికి. ఇవాళ ప్రపంచంలో ఉన్న మ్యూజిక్ రాయల్టీ సంఘాలు చాలావరకు ఆ దారినే వచ్చినవి. వాటిలోనూ పంపకాల గొడవలు, పెద్దవాళ్ల పెత్తనం ఉన్నాయి, లేవని కాదు, అవి లేకపోతే వచ్చే ఆ కాస్త కూడా రాదు.

హాలీవుడ్‌లో కూడా అంతే, సినిమా టీవీలో మళ్లీ వేసినప్పుడు నటులకి వాటా రావాలన్నది 1960 సమ్మెతో సాధించుకున్నది, నిర్మాతలు మంచి మనసుతో ఇచ్చింది కాదు. స్ట్రీమింగ్ వచ్చాక ఆ వాటాలు మళ్లీ చిక్కిపోయాయి, ఎందుకంటే అక్కడ పునఃప్రసారం అన్నదే లేదు, ఎప్పుడూ అక్కడే పడి ఉంటుంది, ఎంతమంది చూశారో చెప్పేవాళ్లు కాదు. 2023లో రైటర్లు 148 రోజులు, నటులు 118 రోజులు పని ఆపేస్తే గానీ చూసిన లెక్కని బట్టి బోనస్, ఏఐ వాడకం మీద కొన్ని హద్దులు రాలేదు. ఆ నెలల్లో అద్దెలు కట్టలేక ఊళ్లు వదిలినవాళ్లు ఉన్నారు, గెలుపుకి ఆ ఖరీదు కూడా కలుపుకోవాలి.

ప్రభుత్వాలు చేసినవాటిలో పనికొచ్చినవి తక్కువే గానీ ఉన్నాయి. ఫ్రాన్స్‌లో స్టేజి, సినిమా పనివాళ్లకి ప్రత్యేక నిరుద్యోగ భృతి ఉంది, 12 నెలల్లో 507 గంటలు పని చూపిస్తే పని లేని రోజులకి భృతి వస్తుంది. రిహార్సల్‌కీ షోకీ మధ్య ఖాళీ ఉండటం ఆ వృత్తి స్వభావమే అని ఒప్పుకున్న పద్ధతి అది. 2003లో ఆ రూల్స్ బిగించబోతే సమ్మెతో ఆవిన్యాన్ నాటకాల ఫెస్టివల్ మొత్తం ఆగిపోయింది. ఐర్లాండ్ 2022లో ఇంకో అడుగు వేసి 2,000 మంది ఆర్టిస్టులకి వారానికి 325 యూరోలు ఇస్తూ పైలట్ స్కీమ్ పెట్టింది, ఏం గీశావు ఏం రాశావు అని అడగలేదు. ఎంపిక అర్హులైనవాళ్ల నుంచి లాటరీ తీసి చేశారు, అది వింతగా అనిపించొచ్చు కానీ ప్రతిభని జడ్జి చేసే కమిటీలు ఎప్పుడూ తెలిసిన ముఖాల వైపే మొగ్గుతాయి కాబట్టి లాటరీయే నయం. ఇక్కడ భృతి పని ఏంటంటే బియ్యానికి డబ్బుందా లేదా అన్న భయం లేకపోతే, ఆ మనిషి చెత్త కాంట్రాక్ట్‌కి వద్దు అని చెప్పగలడు.

పేట్రియాన్ లాంటి వెబ్‌సైట్లు 2013 నుంచి అభిమానుల దగ్గర నేరుగా డబ్బు తీసుకునే దారి చూపించాయి, కొందరికి నిజంగానే బతుకు నిలబెట్టాయి. కాకపోతే నెలనెలా చందా కట్టేవాళ్లకి నెలనెలా ఏదో ఒకటి ఇవ్వాలి, మూడేళ్లు కూర్చుని రాసే నవల అందులో ఇమడదు, జబ్బు చేస్తే లీవు లేదు. ఇక ఏఐ సంగతి, మహా కళాఖండాల జోలికి అది తర్వాత వస్తుందేమో గానీ ముందు పోతున్నది చిన్న పనులు, థంబ్‌నెయిల్, పోస్టర్, యాడ్ జింగిల్, చవక డబ్బింగ్. కొత్తగా వచ్చినవాళ్లు అద్దె కట్టుకుంటూ చేయి తిప్పుకునేది వాటి మీదే. ఆ మెషిన్‌లకి శిక్షణ ఇచ్చింది కూడా వీళ్ల బొమ్మలతోనే అని 2023 జనవరిలో అమెరికాలో ముగ్గురు చిత్రకారులు కేసు వేశారు, అక్కడ కూడా వాదన పాతదే, మా పనికి విలువ ఇప్పుడు తేలింది, అప్పట్లో మమ్మల్ని ఎవరూ అడగలేదు అని.

విలువ తేలాక మళ్లీ లెక్క చూసుకునే వీలు కొన్ని చట్టాల్లో ఇప్పటికే ఉంది, తెలిసినవాళ్లు తక్కువ. అమెరికాలో 1978 నుంచి రాసిచ్చిన హక్కుల్ని 35 ఏళ్ల తర్వాత సృష్టికర్త వెనక్కి తీసుకోవచ్చు, కానీ కనీసం రెండేళ్ల ముందు నోటీసు ఇవ్వాలి, ఆ గడువు దాటితే పోయినట్టే, పైగా అది జీతానికి చేయించిన పని అని కంపెనీ నిరూపిస్తే ఆ హక్కే వర్తించదు. అందుకే కాంట్రాక్టుల్లో ఆ ఒక్క ముక్క ఇరికించడానికి అంత పట్టుబడతారు. జర్మనీ పద్ధతి వేరు, మొదట ఇచ్చిన డబ్బుకీ తర్వాత వచ్చిన లాభానికీ పొంతన లేకపోతే అదనంగా ఇమ్మని అడగొచ్చు, యూరోపియన్ యూనియన్ కూడా 2019లో ఇలాంటి రూలే పెట్టింది. 1981లో వచ్చిన దాస్ బూట్ అనే జర్మన్ సినిమాకి కెమెరామన్‌గా చేసిన యోస్ట్ వకానో ఆ జర్మన్ రూల్ పట్టుకుని నిర్మాణ సంస్థ మీదా టీవీ ఛానళ్ల మీదా పదేళ్లకి పైగా కోర్టుల్లో పోరాడాడు. అందులో కొంత గెలిచి అదనపు డబ్బు ఇమ్మని తీర్పు వచ్చేసరికి ఆయనకి ఎనభై దాటాయి.